ఇంటివారితో, స్నేహితులతో కలిసి పోటీకి వెళ్ళినప్పుడు ఎవరి వేగంతో పరుగెత్తాలి?

వేకువ పరుగరి (హైదరాబాదు):

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్ళు. మూడేళ్ళుగా నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. 10 కిలోమీటర్ల పోటీలు ఇంతవరకు ఆరు పూర్తి చేశాను. వాటిలో నా మంచి సమయం 58 నిమిషాలు. బహుమతుల ఊసు నాకెప్పుడూ లేదు గాని, పోయినసారి కన్నా ఒక్క నిమిషం తగ్గినా ఆ వారమంతా నా నడకే మారిపోతుంది.

నా ఇబ్బందంతా వెంట వచ్చేవారి విషయంలోనే. పోయిన చలికాలంలో ఒక పోటీకి నా చిన్ననాటి స్నేహితుణ్ణి పట్టుబట్టి తీసుకువెళ్ళాను. మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉంటానని మాట కూడా ఇచ్చాను. నాలుగో కిలోమీటరులో ఫ్లైఓవరు ఎక్కుతుండగా అతను నడకకు దిగి, ‘నువ్వు వెళ్ళరా, నేను మెల్లగా వస్తాను’ అన్నాడు. నేను ఆ మాటను నిజమనుకుని, లేదా నిజమనుకోవడం నాకు అనుకూలంగా ఉండి, వెళ్ళిపోయాను. ఆ తరువాత నేను ఏ పోటీకి పిలిచినా అతను ఏదో ఒక పని చెబుతున్నాడు.

మరొకసారి మా నాన్నగారిని (61), మా అబ్బాయిని (11) 5 కిలోమీటర్ల విభాగంలో చేర్పించి, నేను 10 కిలోమీటర్లు పరుగెత్తాను. నా ఫోను సామాన్లు దాచే చోట ఉంది. ఎక్కడ కలుసుకోవాలో ముందుగా అనుకోలేదు. వాళ్ళిద్దరూ మెడలో పతకాలతో ఒక గేటు దగ్గర, నేను మరో గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాము. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది.

వచ్చే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, పరుగెత్తాలనుకుంటున్నాను. మా ఆవిడ 10 కిలోమీటర్లు చేస్తానంటోంది. నాన్నగారు, అబ్బాయి మళ్ళీ 5 కిలోమీటర్లకు సిద్ధంగా ఉన్నారు. మనతో వచ్చినవారి కోసం మన వేగాన్ని వదులుకోవాలా, లేక ఎవరి పరుగు వారిదేనా? మీ ఇళ్ళలో దీన్ని ఎలా సర్దుకున్నారో తెలుసుకోవాలని ఉంది.

సాగరతీరం (విశాఖపట్నం):

మీరు ఈ ప్రశ్నను నాలుగో కిలోమీటరులో వేసుకున్నారు. అది పేరు నమోదు చేసుకునే రోజున వేసుకోవలసినది. మా ఇంట్లో నేను, మా ఆడపడుచు, మా అమ్మాయి ముగ్గురమూ పరుగెత్తుతాము. ఏడాదిలో ఒకటో రెండో పోటీలను ‘నావి’ అని ముందే చెప్పేస్తాను. ఆ రోజు నా కోసం ఎవరూ ఆగరు, నేనూ ఎవరి కోసం ఆగను. మిగిలినవన్నీ ‘మనవి’. ఆ రోజుల్లో అందరికన్నా నిదానంగా పరుగెత్తే మనిషి ముందుంటుంది, మిగిలిన ఇద్దరం వెనుక ఉంటాము. ఇది వినడానికి తలకిందులుగా ఉన్నా అసలు కిటుకు ఇక్కడే ఉంది. నిదానస్తురాలు వెనుక ఉంటే, ముందువారిని ఆపుతున్నానన్న సంకోచంతో శక్తికి మించి పరుగెత్తి, సగం దారిలో చతికిలబడుతుంది. ముందు ఉంటే తన ఊపిరి తన అదుపులో ఉంటుంది.

మా బీచ్ రోడ్డులో ఆర్.కె. బీచ్ దగ్గర, కురుసుర జలాంతర్గామి ముందు బయలుదేరినప్పుడు సముద్రపు గాలికి హాయిగా ఉండి అందరూ వేగంగా పోతారు. తెన్నేటి పార్కు వైపు ఎత్తు మొదలయ్యే సరికి అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట పడుతుందే గాని ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుచేత గడియారంలోని వేగాన్ని నమ్ముకోవడం మానేశాము. పక్క మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే మా కొలత. మా ఆడపడుచు మాటలు ఆపిందంటే ఆమె అలసిపోయిందని అర్థం. మామూలుగా ఆమె మాటలు ఆపడం జరగదు.

వెనుక వరుసలో నిలబడి బయలుదేరితే మీ సమయం పోతుందన్న దిగులు అక్కర్లేదు. బిబ్‌కు, అంటే చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితానికి, చిప్ ఉండే పోటీల్లో, మీరు ప్రారంభ రేఖ మీది చాపను దాటిన క్షణం నుంచి మీ సమయాన్ని విడిగా లెక్కిస్తారు. ఇంటివారితో వెనుక నిలబడి, వారికి ధైర్యం కలిగాక మీ దారిన మీరు వెళ్ళవచ్చు. అయితే వెళ్తానని ముందే చెప్పాలి.

హైదరాబాదులో 5 కిలోమీటర్ల పరుగు శనివారం, మిగిలినవి ఆదివారం జరుగుతాయి కదా. శనివారం నాన్నగారితోనూ అబ్బాయితోనూ నెమ్మదిగా నడిచినందువల్ల మరునాటి హాఫ్‌కు మీ కాళ్ళకు వచ్చే నష్టమేమీ ఉండదు.

చెరువుకట్ట పెద్దాయన (హనుమకొండ):

నేను మీ నాన్నగారి కన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణి. భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ నడుస్తాను, నడుమ నడుమ పరుగెత్తుతాను. ఇక్కడ అందరూ పరుగెత్తే కొడుకు వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి తండ్రి వైపు నుంచి కొంచెం చెబుతాను.

మా అబ్బాయి మొదటి పోటీలో నా పక్కనే ఉన్నాడు. ప్రతి రెండు వందల మీటర్లకూ ‘నాన్నా, బాగానే ఉందా? నీళ్ళు కావాలా? కాసేపు ఆగుదామా?’ అని అడిగాడు. నాకు ఆయాసం లేదు గాని వాడికి జవాబులు చెప్పడంతో ఆయాసం వచ్చింది. పైగా వాడు నా కోసం కాళ్ళు బిగబట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక, ఇకపై నాకు దారిలో తోడు వద్దని, ముగింపు రేఖ దగ్గర కనిపిస్తే చాలునని చెప్పాను. ఇప్పుడు వాడు తన పరుగు ముగించుకుని తిరిగి వచ్చి, చివరి మలుపు దగ్గర నిలబడతాడు. అక్కడ వాడు కనిపించగానే నడుస్తున్నవాణ్ణి పరుగు అందుకుంటాను. కొడుకు ముందు నడుస్తూ ముగించడం నాకు నామోషీ.

అందుచేత మీ నాన్నగారికి ఏం కావాలో ఆయననే అడగండి. ఆ రోజు ఆయనకు బాధ కలిగించింది మీరు పక్కన లేకపోవడం కాకపోవచ్చు. మనవడి పతకం మీకు వెంటనే చూపించలేకపోవడం కావచ్చు.

వయసు విషయంలో ఒక జాగ్రత్త. ఆయన రక్తపోటుకు మందులు వాడుతున్నట్లయితే ముందుగా వైద్యుణ్ణి సంప్రదించండి. నేను వాడే బీటా బ్లాకరు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతుంది. కాబట్టి చేతి గడియారంలో గుండె లెక్క తక్కువగా కనిపించినంత మాత్రాన శ్రమ తక్కువని అనుకోరాదు. పైన ఆ అమ్మగారు చెప్పిన మాటల కొలతే నాకూ ఆధారం. నీళ్ళ విషయంలోనూ అతి పనికిరాదు. దాహం లేకపోయినా ప్రతి బల్ల దగ్గరా ఆగి గ్లాసుల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదానికి దారితీయవచ్చు. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది గాని, చెమటలో పోయిన ఉప్పుకు అవి సరిపోవు.

శనివారం తొమ్మిది గంటలు (మిల్టన్ కీన్స్):

నేను ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడ పార్క్‌రన్ అని ప్రతి శనివారం ఉదయం తొమ్మిదింటికి 5 కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. రుసుము ఏమీ లేదు. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పరుగరులతో మొదలై, ఇప్పుడు అనేక దేశాల్లో సాగుతోంది. మీ సమస్యకు ఇందులో నాకు నచ్చిన జవాబు ఒకటి ఉంది. ప్రతి వారం ఒక కార్యకర్త అందరికన్నా వెనుక నడుస్తారు; కడపటి స్థానం ఎప్పుడూ ఆయనదే లేదా ఆమెదే. గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు, ‘ఆఖరున వస్తే నలుగురిలో పరువేం కాను’ అని మొదట వెనకాడారు. ఆఖరున రావడం సాధ్యమే కాదని తెలిశాక చీర మీద బూట్లు వేసుకుని బయలుదేరారు. వెళ్ళేలోగా తొమ్మిది శనివారాలు నడిచారు.

11 ఏళ్ళలోపు పిల్లలు పెద్దవారికి చేతికందే దూరంలో ఉండాలన్నది అక్కడి నియమం. అందువల్ల మా ఇంట్లో ఒక వారం నేను పాపతో ఉంటాను, మా ఆవిడ తన వేగంతో పరుగెత్తుతుంది. మరుసటి వారం అటుదిటు అవుతుంది. వంతు వేసుకున్నాక త్యాగం చేశానన్న భావన ఇద్దరిలోనూ పోయింది. ఏడాదికి ఒక్క పెద్ద పోటీ మాత్రమే ఉంటే అన్ని కోరికలనూ ఆ ఒక్క రోజుకే ముడిపెట్టుకుంటాము. మీరూ మీ స్నేహితుడితో నెలకొక ఆదివారం, బిబ్ గాని పతకం గాని లేకుండా, ఊరికే 5 కిలోమీటర్లు పరుగెత్తి ఇడ్లీ తిని రండి.

బిబ్ మార్చినవాడు (విజయవాడ):

మిగిలినవన్నీ పెద్దలు చెప్పారు. నేను ఒక్క హెచ్చరిక చేస్తాను. ఇంట్లో ఎవరైనా రాలేకపోతే వారి బిబ్ మరొకరికి ఇవ్వకండి. ఒకసారి నాకు జ్వరం వచ్చి నా బిబ్ మా బావమరిదికి ఇచ్చాను. బిబ్ వెనుక రాసిన రక్తం గ్రూపు, అత్యవసర ఫోను నంబరు నావి; అతను దారిలో పడిపోయి ఉంటే మా ఆవిడకు నేను పడిపోయానని కబురు వచ్చేది. అదృష్టవశాత్తు పడలేదు గాని, ఫలితాల పట్టికలో ఈనాటికీ నా పేరున ఉన్న అత్యుత్తమ సమయం మా బావమరిదిదే. దాన్ని నేను ఎన్నటికీ దాటలేను.

వేకువ పరుగరి (హైదరాబాదు):

అందరికీ ధన్యవాదాలు. హనుమకొండ పెద్దాయన రాసినది రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. చివరిదాకా విని, ‘ఆయన చెప్పింది నిజమే. గేటు నంబరు చెప్పి ఉంటే చాలు’ అని పడుకున్నారు. శనివారం ఆయన, మనవడు కలిసి వెళ్తారు. నేను చివరి మలుపు దగ్గర ఉంటాను. ఆదివారం హాఫ్ నాది, 10 కిలోమీటర్లు మా ఆవిడవి. ఎవరు ముందు ముగించినా సామాన్ల కౌంటరు దగ్గర కలుసుకోవాలని కాగితం మీద రాసుకున్నాము.

స్నేహితుడికి ఈ ఉదయం ఫోను చేశాను. ఆ రోజు వదిలి వెళ్ళడం నా తప్పేనని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఫ్లైఓవరు లేని దారి అయితే వస్తానన్నాడు. నెక్లెస్ రోడ్డు చదునుగానే ఉంటుంది కాబట్టి ఈ ఆదివారం ఐదున్నరకు పీపుల్స్ ప్లాజా దగ్గర కలుస్తున్నాము. అతను ముందు, నేను వెనుక.