బంగారు బిళ్ల వెనక కనిపిస్తున్నవి పాజిట్రాన్లేనా?

ప్రశ్న: పికోసెకండ్ (సెకనులో లక్ష కోట్లో వంతు) లేజర్‌ను 1 మి.మీ. బంగారు బిళ్ల మీద ఫోకస్ చేస్తున్నాం. వెనక కణాలను శక్తిని బట్టి వంచి వేరుచేసే అయస్కాంత స్పెక్ట్రోమీటర్, అందులో వాటిని నమోదు చేసే టీఆర్ రకం ఇమేజ్ ప్లేటు. పాజిట్రాన్లు (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ ప్రతికణాలు) పడాల్సిన వైపు 10–30 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తి కొలత) దగ్గర మంచి సిగ్నల్ ఉంది. కానీ బంగారం బదులు అంతే మందం అల్యూమినియం పెట్టినా మూడో వంతే తగ్గుతోంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: అయితే అందులో చాలా భాగం పాజిట్రాన్లు కావండి. లేజర్ పుట్టించే వేడి (అంటే అతివేగమైన) ఎలక్ట్రాన్లు కేంద్రకాల దగ్గర దారి మళ్లి గామా కిరణాలు విడుస్తాయి. 1.022 ఎంఈవీ దాటిన గామా ఇంకో కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటగా మారగలదు. రెండు మెట్లలోనూ పరమాణు సంఖ్య వర్గం వస్తుంది, వెరసి నాలుగో ఘాతం. బంగారం 79ని అల్యూమినియం 13తో భాగించి ఆ లెక్క కడితే 1,360 రెట్లు. ఘన సెంటీమీటరుకు పరమాణువులు రెండు లోహాల్లోనూ దాదాపు సమానమే కాబట్టి నేరుగా పోల్చుకోవచ్చు. మూడో వంతు తగ్గడమెక్కడ, ఇదెక్కడ!

నా అనుమానం ప్రోటాన్ల మీద. బిళ్ల వెనక పట్టిన నూనె, తేమ పొరలోంచి వస్తాయి, లోహం ఏదైనా సరే. వాటిదీ ధనావేశమే కాబట్టి వంగేది పాజిట్రాన్ల వైపే. 20 ఎంఈవీ పాజిట్రాన్ పడేచోటే 0.2 ఎంఈవీ ప్రోటాన్ కూడా పడుతుంది. టీఆర్ ప్లేటుకు పైన రక్షణ పొర ఉండదు, అందుకే అంత నీరసంగా వచ్చినవీ నమోదవుతాయి. ప్లేటు ముందు 15 మైక్రాన్ల అల్యూమినియం రేకు పెట్టండి. 1 ఎంఈవీ లోపు ప్రోటాన్లు ఆగిపోతాయి, పాజిట్రాన్లకు అదొక అడ్డే కాదు.

మరో జవాబు: రేకు పెట్టాక కూడా మిగిలితే గామాను చూడండి. ఒక షాట్‌కి (లేజర్‌ను ఒకసారి పేల్చినప్పుడు) స్పెక్ట్రోమీటర్‌లోకి కణాలు వచ్చే సన్నని చీలికను, అంటే స్లిట్‌ను, సీసంతో మూసేసి, అప్పుడు వచ్చినదాన్ని తీసివేయండి. స్లిట్‌లోంచి వచ్చినవి అంచులు తేలిన సన్నని గీతగా పడతాయి, గామా ప్లేటంతా పరుచుకుంటుంది. ప్లేట్లన్నీ షాట్ తర్వాత ఒకే వ్యవధికి స్కాన్ చేయాలి, 30 నిమిషాలంటే ప్రతిసారీ 30. ఆలస్యమయ్యేకొద్దీ సిగ్నల్ మాసిపోతుంది, మీ పోలికే చెడుతుంది.

ప్రశ్న: బంగారం 3 మి.మీ. చేస్తే?

జవాబు: పుట్టే పాజిట్రాన్లు పెరుగుతాయి, బంగారం రేడియేషన్ లెంగ్త్ (వేగమైన ఎలక్ట్రాన్ తన శక్తిలో చాలా భాగాన్ని గామాగా విడిచే దూరం) 3.3 మి.మీ. కదా. కానీ పాజిట్రాన్‌కు 1 మి.మీ. దాటడానికే 2 ఎంఈవీకి పైగా ఖర్చు, నెమ్మదివి లోపలే ఆగిపోతాయి. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు టైటన్ లేజర్‌తో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగంలోనూ మిల్లీమీటరు మందం బంగారమే. ముందు దీంతో అసలు సిగ్నల్ తేల్చుకోండి.

అన్నట్టు, షాట్ అయ్యాక బిళ్లను వెంటనే చేత్తో తీయొద్దు. 8 ఎంఈవీ దాటిన గామా న్యూట్రాన్‌ను ఊడగొడితే రేడియోధార్మికమైన బంగారం-196 మిగులుతుంది, అర్ధాయువు 6 రోజుల పైన. రేడియేషన్ కొలిచే సర్వే మీటర్‌తో చూశాకే ముట్టుకోండి.