బైపీసీ ఫస్టియర్‌కి ల్యాబ్ నిజంగా అవసరమా?

రాజాం నాన్న:
మా అమ్మాయి బైపీసీ మొదటి సంవత్సరం. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే, అన్నీ బిట్లే. మైక్రోస్కోప్ ముందు కూర్చున్నందుకు ఒక్క మార్కు కూడా రాదు. ఈ ప్రయోగాలు పది నిమిషాల వీడియోలో చూపించేసి, మిగతా టైం చదువుకి ఇవ్వొచ్చు కదా? పెద్దలు చెప్పండి.

టెక్కలి స్టూడెంట్:
అంకుల్, నేను చదివిన కాలేజీలో ల్యాబ్ గదికి ఎప్పుడూ తాళమే. సీనియర్ల రికార్డు చూసి మా రికార్డు నింపేశాం. ప్రాక్టికల్ పరీక్ష రోజు స్లైడు ఫోకస్ చేయమంటే ఏ స్క్రూ తిప్పాలో తెలియక చేతులు వణికాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆమదాలవలస బోటనీ మేడమ్:
రాజాం నాన్నగారూ, మీ టెన్షన్ నాకు తెలుసు, మా అబ్బాయీ నీట్ రాశాడు. అయినా మీ మాట ఒప్పుకోలేను.

ప్లాస్మాలిసిస్, అంటే ఉప్పునీటిలో కణంలోని నీరు బయటికి పోయి లోపలి పదార్థం ముడుచుకోవడం, దాని నిర్వచనం మా పిల్లలు గడగడా అప్పజెబుతారు. రియో అనే మొక్క ఆకు కింది వైపు ఊదారంగు పొర ఒలిపించి, స్లైడు మీద నీటిచుక్కలో పెట్టిస్తాను. చిన్న గ్లాసు నీళ్లలో చెంచాడు నౌపడ ఉప్పు కలిపి, పొర మీద కప్పిన పల్చటి గాజుబిళ్ల (కవర్‌స్లిప్) ఒక అంచున ఒక చుక్క వేసి, అవతలి అంచున బ్లాటింగ్ పేపర్ ఆనిస్తే ఉప్పునీరు లోపలికి పాకుతుంది. కాసేపటికి ఆ ఊదారంగు కణం గోడను వదిలి మధ్యకు ముడుచుకుంటుంది. మంచినీళ్లు పంపితే మెల్లగా మళ్లీ పరుచుకుంటుంది. అది చూస్తూ ఒకమ్మాయి, "మేడమ్, మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీరూరేది ఇందుకేనా?" అంది. అదే వీడియో చూపించినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు.

ఇంకోసారి ఒక బ్యాచ్ వాళ్లు పొరను వేడినీళ్లలో వేశారు. రంగంతా బయటికి కారిపోయింది, ఉప్పునీరు పోసినా ఏమీ ముడుచుకోలేదు. కణం లోపలి పల్చటి పొర (త్వచం) చచ్చిపోతే రంగునూ ఆపలేదు, నీటినీ అదుపు చేయలేదు అని వాళ్లే తేల్చుకున్నారు. వీడియోలో ప్రయోగం ఎప్పుడూ పాడవదు, అందుకే అక్కడ ఈ ప్రశ్నే పుట్టదు. నీట్‌లో తికమక పెట్టే బిట్లు ఇలాంటి చోటే వస్తాయండి.

బొబ్బిలి జువాలజీ:
మేడమ్ గారి మాట నిజమే. కానీ అన్నీ చేతులతోనే చేయాలని పట్టుబట్టకూడదు. మా రోజుల్లో కప్పను కోయనిదే జువాలజీ లేదు. డిగ్రీ క్లాసుల్లో ఆ కోతలు ఆపమని 2014లో యూనివర్సిటీలను చూసే యూజీసీయే చెప్పింది. అలాంటి వాటికి మోడల్, వీడియో చాలు.

రాజాం నాన్న:
రికార్డు బొమ్మలకే రాత్రి పదకొండవుతోంది మేడమ్, నా బాధంతా అదే.

ఆమదాలవలస బోటనీ మేడమ్:
పుస్తకం చూసి వేసే బొమ్మలను నేనూ సమర్థించను. స్లైడులో ఏది కనిపిస్తే అదే వేస్తానని లెక్చరర్‌ని అడగమనండి. నేనైతే అరపేజీ చాలంటాను.

రాజాం నాన్న:
సరే, అడిగిస్తాను. ఆ రియో మొక్క ఇక్కడ నర్సరీలో దొరుకుతుందా?

ఆమదాలవలస బోటనీ మేడమ్:
దొరుకుతుంది. ఆకు పైన పచ్చగా, కింద ఊదాగా ఉంటుంది. కుండీలో పెట్టండి, పెద్దగా నీళ్లు కూడా అడగదు.