దూర ప్రయాణానికి మరమ్మతు యూనిట్ పెట్టుకోవాలా, వద్దా? దయచేసి తెలిసినవారు చెప్పండి

బ్రాడీపేట బాటసారి, రాత్రి 9.42
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని. అన్నం కూడా కంప్యూటర్ ముందుకే తెచ్చుకున్నాను. అంతరిక్షం ఆటలో ఒంటరిగా దూరం వెళ్ళేవాళ్ళు మరమ్మతు యూనిట్ పెట్టుకుంటారా, పెట్టుకోరా? ఒక వీడియోలో అది తప్పనిసరి అంటున్నారు, ఇంకో వీడియోలో దండగ బరువు అంటున్నారు. చూసి చూసి తల వేడెక్కింది. ఒక్క ముక్కలో చెప్పండి. దూరం చాలా ఎక్కువ. సోలో.

కృష్ణలంక, 9.47
ఏ ఆట? ఏ నౌక?

గుణదల గ్రహచారి, 9.55
నో మ్యాన్స్ స్కై అనుకుని చెబుతున్నాను. అందులో దీని గురించి బెంగ అక్కరలేదు. దెబ్బలు తగిలితే భాగాలు పాడవుతాయి, కావలసిన సరుకులు పోసి అక్కడికక్కడే బాగుచేసుకోవచ్చు. సరుకులు కాస్త నిల్వ ఉంచుకుంటే చాలు.

బ్రాడీపేట బాటసారి, 10.01
అది కాదండీ, ఎలీట్ డేంజరస్. దూర ప్రయాణం అనగానే తెలిసిపోతుందనుకున్నాను. నౌక డైమండ్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్.

కృష్ణలంక, 10.03
మీరడిగే మరమ్మతు యూనిట్, అంటే ఎఎఫ్‌ఎంయు, బరువు సున్నా. పెట్టుకోండి.

బ్రాడీపేట బాటసారి, 10.05
సున్నా ఎలా అవుతుంది? అది తీసేశాక నా జంప్ దూరం, అంటే నౌక ఒక్క దూకులో వెళ్ళే దూరం, పెరిగింది కదా!

కృష్ణలంక, 10.06
దానితో పాటు ఇంకేం తీశారు?

ఆటోనగర్ బాబాయ్, 10.24
తమ్ముడూ, నాది ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళ షెడ్డు. ఇక్కడ సరుకు ఎక్కించుకుని అస్సాం వెళ్ళే లారీ స్టెప్నీ, జాకీ, స్పానర్లు, ఫ్యాన్ బెల్టు లేకుండా గేటు దాటదు. దారిలో మెకానిక్కు దొరకడని కాదు, దొరికేదాకా బండి నడవాలని. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. మా దగ్గర బాడీ కట్టేవాళ్ళు వేరు, ఇంజిన్ విప్పేవాళ్ళు వేరు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోరు. ఈ ఆటలోనూ అంతే. ఎఎఫ్‌ఎంయు అంటే ఇంజిన్ మేస్త్రీ. జంప్ డ్రైవ్, థ్రస్టర్లు, సెన్సర్లు బాగుచేస్తుంది. బాడీ, అంటే హల్, దాని పని కాదు. హల్‌కు రిపేర్ లింపెట్ల, అంటే బయటికి వెళ్ళి బాడీ అతికే చిన్న డ్రోన్ల, కంట్రోలర్ కావాలి. ఒక్కో లింపెట్ ఒక టన్ను బరువు, కార్గో రాక్ కూడా ఉండాలి. బరువని నువ్వు విన్నది దాని గురించే అయి ఉంటుంది. ఇనుము, నికెల్ దగ్గర ఉంటే దారిలోనే లింపెట్లు తయారుచేసుకోవచ్చు కనుక ముందే నింపుకుని వెళ్ళనక్కరలేదు.

ఇంకో సంగతి. ఇంజిన్ మేస్త్రీ తనకు తాను వైద్యం చేసుకోలేడు. పవర్ ప్లాంట్‌నూ ముట్టుకోడు. అందుకే నేను రెండు ఎఎఫ్‌ఎంయులు పెడతాను, ఒకదాన్ని ఒకటి బాగుచేసుకుంటాయి. అవసరం లేనప్పుడు రెండూ ఆపేసి ఉంచుతాను, కరెంటు వాడకం ఉండదు. మా కుర్రాళ్ళకు నేను మొదటి రోజు చెప్పేది కూడా ఇదే, పనిముట్టు ఏ పనికో తెలియకుండా పెట్టెలో వేసుకోవద్దని. ఇప్పుడు వస్తున్న కుర్రాళ్ళు టార్క్ రెంచి పట్టుకోవడం కూడా...

కృష్ణలంక, 10.26
బాబాయ్, టార్క్ రెంచి తరువాత. అతను ఏం తీశాడో ఇంకా చెప్పలేదు.

బ్రాడీపేట బాటసారి, 10.38
మధ్యలో కరెంటు పోయింది, మన్నించండి. షీల్డ్, ఎఎఫ్‌ఎంయు రెండూ ఒకేసారి తీశాను. ఏది తీస్తే ఎంత పెరిగిందో చూసుకోలేదు.

కృష్ణలంక, 10.39
పెరిగింది షీల్డ్ బరువు పోవడం వల్ల. స్టేషన్‌లోనే ఉన్నారుగా, మళ్ళీ పెట్టుకోండి.

బ్రాడీపేట బాటసారి, 10.44
స్టేషన్‌లో లేను. బయలుదేరి పదకొండు రోజులైంది. పాలపుంత నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం, శాజిటేరియస్ ఏ స్టార్ వైపు వెళ్తున్నాను, ఇంకా 9,000 కాంతి సంవత్సరాలుంది. హల్ 43 శాతం, జంప్ డ్రైవ్ 71. అందుకే ఇంత కంగారు.

గుణదల గ్రహచారి, 10.46
అయ్యో, ఆ మాట మొదటే చెప్పాలి కదండీ! మనం బండికి ఏం ఎక్కించాలో చెబుతున్నాం, బండి అడవి మధ్యలో ఉంది. నౌకను రీబూట్ చేసి చూడండి, భాగాలు కొంత కోలుకుంటాయి.

కృష్ణలంక, 10.48
పూర్తిగా సున్నాకు చేరిన భాగానికే అది పనిచేస్తుంది, అదీ మిగతా వాటి నుంచి తీసి ఇస్తుంది. 71కి చేయవద్దు. డ్రైవ్ చార్జ్ చేసుకోవడానికి న్యూట్రాన్ నక్షత్రాల జెట్లలో ఎన్నిసార్లు దూరారు?

బ్రాడీపేట బాటసారి, 10.52
ముప్పై దాకా. ఒక్కసారికి నాలుగింతల దూరం వస్తుంటే ఎవరు వదులుకుంటారు? హల్ మాత్రం దిగేటప్పుడు పోయింది. గురుత్వం ఎక్కువున్న గ్రహం, షీల్డ్ లేదు.

కృష్ణలంక, 10.58
జెట్‌లో ఒక్కసారి చార్జ్ చేస్తే డ్రైవ్ ఒక శాతం అరుగుతుంది. మామూలు జంప్ ఎంత? 52 కాంతి సంవత్సరాలు అనుకుంటే, 9,000కు సుమారు 175 జంప్‌లు. న్యూట్రాన్ దారిలో 45, కానీ 71లో 45 పోతే మిగిలేది 26. అరిగేకొద్దీ డ్రైవ్ మొరాయిస్తుంది. ఇంక జెట్ల జోలికి వెళ్ళవద్దు. మామూలు నక్షత్రాల మీదే వెళ్ళండి, వాటి నుంచి ఇంధనం తోడుకునేటప్పుడు నౌక వేడి నూరు శాతం దాటనివ్వకండి.

పటమట పంతులమ్మ, 11.05
ఒక మాట తేల్చాలి. సోలో అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. ఒంటరిగా వెళ్ళడం వేరు, సోలో మోడ్‌లో ఆడటం వేరు. మీరు ఏ మోడ్‌లో ఉన్నారు?

బ్రాడీపేట బాటసారి, 11.07
సోలో మోడే. ఒంటరిగా వెళ్తున్నాను కనుక సోలో. రెండూ ఒకటే కదండీ?

పటమట పంతులమ్మ, 11.13
ఒకటి కాదు. అందరూ ఒకరికొకరు కనబడే ఓపెన్ మోడ్‌లో ఉండి కూడా ఒంటరిగా వెళ్ళవచ్చు. సోలో మోడ్‌లో ఉంటే మీరు ఎవరికీ కనబడరు, సాయానికి వచ్చినవాళ్ళకు కూడా. ఇంధనం అయిపోయినవాళ్ళకు ఫ్యూయల్ ర్యాట్స్, హల్ దెబ్బతిన్నవాళ్ళకు హల్ సీల్స్ ఉన్నారు. ఇద్దరూ మనలాంటి ఆటగాళ్ళే, ఎంత దూరమైనా వెతుక్కుంటూ వస్తారు. మెనూలోకి వెళ్ళి మోడ్ మార్చుకోండి, దారిలో మీరు సేకరించిన డేటా ఎక్కడికీ పోదు. నౌక పేలిపోతేనే ఇంకా అమ్మకుండా ఉన్న ఆ డేటా అంతా పోతుంది. పదకొండు రోజుల కష్టం, ఆలోచించండి.

గుణదల గ్రహచారి, 11.16
ఓపెన్‌కి మారితే ఎవరో ఒకరు వచ్చి పేల్చేస్తారు. నేను ఒప్పుకోను.

పటమట పంతులమ్మ, 11.19
అంత లోతులో కాపు కాసేదెవరండీ? అంత భయమైతే ప్రైవేట్ గ్రూపులో కలుసుకోవచ్చు. నా మాట మోడ్ గురించి కాదు, పదం గురించి. పదం సరిగా వాడి ఉంటే పదింటికే ఈ సలహా అందేది.

ఆటోనగర్ బాబాయ్, 11.27
అమ్మ చెప్పింది నిజం. అయితే హల్ సీల్స్ బాడీ మేస్త్రీలు, నీ డ్రైవ్ 71 అలాగే ఉంటుంది. దానికి శాజిటేరియస్ ఏ పక్కనే ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్ ఉంది, 2019లో డిస్టెంట్ వరల్డ్స్ 2 అనే ఆటగాళ్ళ యాత్రలో వెళ్ళినవాళ్ళు సరుకు మోసి నిలబెట్టిన స్టేషన్. ముందు బాడీ, తరువాత నెమ్మదిగా అక్కడికి. షీల్డ్ పెట్టేదాకా ఏ గ్రహం మీదా దిగకు.

బ్రాడీపేట బాటసారి, రాత్రి 12.10
ఓపెన్‌కి మారాను. హల్ సీల్స్‌కు రాశాను, ఒకరు బయలుదేరారు. వచ్చేసరికి రేపవుతుందట. పడుకుంటున్నాను, అందరికీ ధన్యవాదాలు.

గుణదల గ్రహచారి, 12.14
డ్రైవ్ ఎంతతో చేరారో రాయండి.

ఆటోనగర్ బాబాయ్, మరుసటి రాత్రి 9.30
తమ్ముడూ, వచ్చారా వాళ్ళు?

తాడేపల్లి ప్రయాణికుడు, 9.51
నాదీ ఇదే సందేహం. క్రైట్ ఫాంటమ్ నౌకకు ఒక ఎఎఫ్‌ఎంయు సరిపోతుందా, బాబాయ్ గారిలా రెండు పెట్టాలా?