"ఇవి పురుగులు కావు", ఆ తర్వాతి మాట ఏమిటి?

పాతసినిమా:
"బాటిల్‌షిప్ పొటెంకిన్" ఒకప్పుడు ఫిల్మ్ సొసైటీలో చూశాను. 1905లో పురుగుపట్టిన మాంసం తినమన్నందుకు రష్యా యుద్ధనౌకలో నావికులు తిరగబడిన కథ అది. మూకీ కదా, తెర మీద అక్షరాలు పడ్డప్పుడల్లా ఒకాయన తెలుగులో చదివి వినిపించేవారు. నౌకలోని డాక్టర్ స్మిర్నోవ్ కళ్ళజోడు మడిచి భూతద్దంలా పట్టుకుని మాంసం చూస్తాడు. "ఇవి పురుగులు కావు. చచ్చిన ఈగ... ఉప్పునీళ్ళతో కడిగితే పోతాయి" అంటాడు. ఆ "ఈగ" తర్వాత ఏమన్నారో గుర్తుకు రావడం లేదు. "గుడ్లు" మాత్రం కాదు. ఎవరికైనా గుర్తుందా?

తెనాలి పాఠకురాలు:
"డింభకాలు" అయ్యుంటుంది. గుడ్డు, డింభకం, కోశస్థ దశ అని స్కూల్లో వల్లెవేసిన మాటే.

కరీంనగర్ నుంచి:
ఏ మాట పెట్టినా ఆ వాక్యం తెలుగులో నిలవదండీ. మనకు పట్టుపురుగూ పురుగే, పేడపురుగూ పురుగే, బియ్యంలో పట్టేదీ పురుగే. మా వైపు రాత్రిపూట పాము పేరెత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. ఇంత విశాలమైన మాటను పట్టుకుని "ఇది పురుగు కాదు, డింభకం" అంటే ఏ నావికుడు ఒప్పుకుంటాడు?

నిఘంటుప్రియుడు:
ఒప్పుకోకూడదనే కదా ఆ సీను! కళ్ళెదుట కదులుతున్న దానికి చదువుకున్నవాడు వేరే పేరు పెడుతున్నాడు. కాబట్టి సంస్కృత పదమే అక్కడ సరిపోతుంది. కాకపోతే అది డింభకమా, డింబకమా? "డింభ" అంటే పసికూన. "డింబ"కు పిల్ల, గుడ్డు అనే అర్థాలతో పాటు అలజడి, కొట్లాట అని కూడా ఉంది. నేను ఒత్తు లేని "బ" వైపే. తిరుగుబాటు ఆ మాటలోనే దాగి ఉంది.

తెనాలి పాఠకురాలు:
ఒత్తు తీసేయనక్కర్లేదండీ. మనుస్మృతి అయిదో అధ్యాయంలో "డింభాహవ" అని ఒత్తుతోనే ఉంది. రాజు లేని పోరు అని వ్యాఖ్యాతల అర్థం. జార్ నౌకలో అధికారులను సముద్రంలోకి తోసేసిన పోరుకు ఇంతకన్నా తగిన మాట ఉందా?

విజయావారి అభిమాని:
"భ" సంగతి పింగళి నాగేంద్రరావు గారు 1951లోనే తేల్చేశారు. "సాహసం శాయరా డింభకా!" ఎస్.వి. రంగారావు గారి గొంతులో ఆ "భ" ఎంత బరువుగా పడుతుందో వినండి.

నిఘంటుప్రియుడు:
"శాయరా" కాదు, "శేయరా".

విజయావారి అభిమాని:
"శాయరా"నే. "దయచేయుము"ను "దయశాయుము" అనడం పాత అలవాటు. పింగళి ఆ కాలపు పలుకును పట్టుకుని మాంత్రికుడి నోట పెట్టారు. మాటలు పుట్టించిన మనిషి ఆయన. అసమదీయులు, తసమదీయులు అన్నా మనకు అర్థమయ్యేలా రాశారు. ఈగ పిల్లకు పేరు ఆయన్నే అడగాల్సింది!

కరీంనగర్ నుంచి:
పింగళి మీద గౌరవం నాకూ ఉంది. కానీ అసలు మోసం "చచ్చిన" అనే మాటలో ఉందని నా వాదన. తెర మీద అవి లుకలుకలాడుతూనే ఉంటాయి. డాక్టర్ మాత్రం చచ్చినవంటాడు. 1905 అంతా అలాంటిదే. జనవరిలో అర్జీ పట్టుకుని వచ్చిన జనం మీద పీటర్స్‌బర్గ్‌లో కాల్పులు, మేలో త్సుషిమాలో జపాన్ చేతిలో నౌకాదళం నాశనం. అయినా పైవాళ్ళకు అంతా సవ్యంగానే కనిపించింది. జూన్‌లో గిన్నె ముట్టం అన్నవాళ్ళను కాల్చమన్నారు. నావికుడు వకులించుక్ "సోదరులారా" అని అరిచే దాకా ఎవరి మాటకూ విలువ లేదు. నాకు ఆ పిలుపు కన్నా ఈ "చచ్చిన" అనే అబద్ధమే ఎక్కువ గుర్తుంది.

ఓడరేవు:
మాటల మీద పట్టు సినిమా తీసినవాళ్ళకీ తప్పలేదు. 1925లో మొదట్లో వచ్చే వాక్యం విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీది. ఆయన పదవి పోయాక దాన్ని తీసేసి లెనిన్ మాట పెట్టారు. బ్రిటన్‌లో ఈ సినిమా మీద నిషేధం 1954 దాకా ఉంది. ఈలోగా 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ అనే నౌకాదళ కేంద్రంలో మన నావికులు ఇదే తిండి గొడవతో పని ఆపేశారు. వాళ్ళు తమ సంఘం పేరులో "సమ్మె" అని పెట్టుకున్నారు, ప్రభుత్వం "తిరుగుబాటు" అంది. మన పుస్తకాలు ఇప్పటికీ ప్రభుత్వం మాటే రాస్తున్నాయి. నాకది బాధగా ఉంటుంది.

నిఘంటుప్రియుడు:
"తిరుగుబాటు"లో తప్పేముందండీ? తిరగబడ్డారు కాబట్టి తిరుగుబాటు. గర్వంగా చెప్పుకోవాల్సిన మాట.

ఓడరేవు:
వాళ్ళు ఎంచుకున్న పేరును మనం మార్చకూడదు.

పాతసినిమా:
అందరికీ ధన్యవాదాలు. "డింభకాలు" పైకి చదువుకుని చూశాను. ఆయన అన్న మాట ఇంకా పొట్టిది, రెండక్షరాలేమో. "కూనలు"? మరీ ముద్దుగా ఉంది.

కరీంనగర్ నుంచి:
"ఈగ పిల్లలు" అని ఉండొచ్చు.

తెనాలి పాఠకురాలు:
"పిల్లలు" మూడక్షరాలండీ.

నిఘంటుప్రియుడు:
బహువచనం "లు" తీసేస్తే రెండే. ఆ లెక్కన "డింబ" కూడా రెండే.