స్పేస్ స్టేషన్ సిగ్నల్ మేడ మీద నుంచి వినొచ్చా?

గుంటూరు, బ్రాడీపేట: ఒంటరి పిల్లాడు రేడియోలో అంతరిక్షాన్ని పిలిచే బొమ్మల సినిమా చూశాక తొమ్మిదేళ్ల పాప అదే పట్టు పట్టింది. నిజంగా ఏమైనా వినబడుతుందా అండీ?

విజయవాడ, పటమట: తప్పకుండా. లాప్‌టాప్‌కి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న రేడియో రిసీవర్) పెట్టండి. యాంటెనాకి 49 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, మధ్య 120 డిగ్రీల కోణంతో నేలకు సమాంతరంగా బిగించండి. ఒకటి డిష్ కేబుల్ మధ్య తీగకి, రెండోది ఆ తీగ చుట్టూ ఉండే లోహపు జాలికి కలపండి. వినడానికి ఆ కేబుల్ చాలు. లాప్‌టాప్‌లోని రేడియో సాఫ్ట్‌వేర్‌లో మోడ్ నారో ఎఫ్ఎం, బ్యాండ్‌విడ్త్ 15 కిలోహెర్ట్జ్. మాటలు 145.800 మెగాహెర్ట్జ్‌లో వస్తాయి. కానీ వ్యోమగాములు రోజూ మాట్లాడరు, ఎక్కువగా ముందే ఖరారైన స్కూలు కార్యక్రమాలప్పుడే. పాప నిరాశపడకుండా మొదట 145.825 పెట్టండి, స్టేషన్ పంపే డేటా ప్యాకెట్ల గరగర వినే అవకాశం ఎక్కువ.

తెనాలి: ఒకటి కలపాలి. స్టేషన్ ఎదురొచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ సుమారు 3.5 కిలోహెర్ట్జ్ పైకి, దూరమయ్యేటప్పుడు అంతే కిందికి జరుగుతుంది. అంటే మాటల కోసమైతే 145.803లో మొదలుపెట్టి 145.797 దాకా తగ్గిస్తూ రావాలి. అది ఆకాశంలో ఉండేది మహా అయితే పది నిమిషాలు, కాబట్టి అది దిగంతం నుంచి 40 డిగ్రీల కన్నా ఎత్తుగా వెళ్లే పాస్ (మీ ఊరి మీదుగా వెళ్లే సమయం) ఎంచుకోండి. గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని పెంచే స్థాయి) పూర్తిగా పెంచితే ఊళ్లోని ఎఫ్ఎం స్టేషన్లే డాంగిల్‌ని ముంచేస్తాయి. చవక ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ కూడా గోల పెడతాయి, ఆ కాసేపు ఆపేయండి.

గుంటూరు, బ్రాడీపేట: పాప తిరిగి మాట్లాడొచ్చా?

విజయవాడ, పటమట: లైసెన్స్ లేకుండా ప్రసారం చేయకూడదమ్మా. హామ్ (అమెచ్యూర్ రేడియో) పరీక్ష రాయాలి.