జింజా జిల్లాకు కొత్తగా వస్తున్నవాళ్లకు

ప్రశ్న: అందరికీ నమస్కారం. వచ్చే నెల కాకిరా చక్కెర ఫ్యాక్టరీలో చేరుతున్నాను. ఉగాండా, జింజా జిల్లా అంటున్నారు. ఊరు, మనుషులు ఎలా ఉంటారు? ఏం చూసుకోవాలి?

జవాబు 1: తమ్ముడూ, జింజా సిటీ వేరు, జింజా జిల్లా వేరు. 2020 జులైలో విడదీశారు. కాకిరా జిల్లాలోనే ఉంది, సిటీకి తూర్పున. కాగితాల్లో చిరునామా రాసేటప్పుడు రెండూ కలిపేయకు. కంపాలా నుంచి జింజా 80 కిలోమీటర్లే, కానీ మొంబాసా రేవు లారీలన్నీ ఆ దారినే నడుస్తాయి. మబీరా అడవిలో ఒక్క లారీ ఆగిందంటే బండ్లన్నీ బారులు తీరతాయి. పగలే బయల్దేరు.

విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటపడేది జింజాలోనే. 1948లో గాంధీజీ అస్థికలు కొన్ని కలిపింది కూడా ఇక్కడి నీళ్లలోనే. నదికి ఇవతల బుసోగా ప్రాంతం, వంతెన దాటితే బుగాండా ప్రాంతం. ఇవతల లుసోగా మాట్లాడతారు, "కోధేయో" అని పలకరిస్తే ముఖాలు విప్పారతాయి. మగవాళ్లను "సెబో", ఆడవాళ్లను "న్యాబో" అనాలి. పలకరింపు లేకుండా నేరుగా పనిలోకి దిగితే మర్యాద తెలియనివాడివనుకుంటారు. ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి పలకరిస్తే కంగారుపడి లేపకు, అది వాళ్ల పద్ధతి. తిండికి చిలగడదుంప, పల్లీల పులుసు ముఖ్యం. శాకాహారికి ఇబ్బంది ఉండదు.

జవాబు 2: సరస్సు నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. ఒడ్డున తుంగ పెరిగే లోతులేని నీళ్లలో నత్తలుంటాయి. వాటి నుంచి వచ్చే, బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు పిల్లలు కొద్ది నిమిషాల్లోనే చర్మంలోంచి లోపలికి పోతాయి. కాళ్లు తడుపుకోవడం కూడా వద్దు. ఆ నీళ్లే స్నానానికి వాడాల్సి వస్తే మరగకాచి చల్లార్చాలి, లేదా రెండు రోజులు ట్యాంకులో నిలవ ఉంచాలి. పొరపాటున దిగితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించుకోండి. అంతకు ముందు చేయిస్తే దొరక్కపోవచ్చు.

దోమతెర తప్పనిసరి. జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. సెలవులకు మన ఊరెళ్లాక జ్వరం వచ్చినా "ఉగాండా నుంచి వచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. లేకపోతే డెంగీ అనో టైఫాయిడ్ అనో రోజులు గడిచిపోతాయి.

జవాబు 3: ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి. తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.

ఇంకొకటి, గంటల లెక్క. ఇక్కడ రోజు పొద్దున తెల్లవారడంతో మొదలు. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి, మన ఎనిమిది వాళ్లకు రెండు. పనివాళ్లు "సావా బ్బిరి" (రెండు గంటలు) అన్నారంటే మధ్యాహ్నం రెండనుకుని కూర్చోకండి, వాళ్లు పొద్దున ఎనిమిదికే గేటు దగ్గరుంటారు.