బొగ్గు బాయిల్లో పనిచేసిన మా ఊరివాళ్లకి స్మారకం, రాయి మీద ఏం చెక్కించాలి?

చీపురుపల్లి కుర్రాడు:
మాది చీపురుపల్లి దగ్గర చిన్న ఊరండీ. మా తాతల కాలంలో ఇక్కడ పనుల్లేక కొందరు కొత్తగూడెం, ఇల్లందు వైపు బొగ్గు గనులకి పోయారు. గనిని ‘బాయి’ అనేవాడు మా తాత, అక్కడ అలాగే అంటారట. ఆయన కోల్ ఫిల్లర్, అంటే తట్టా చెమ్మస్‌తో (చెమ్మస్ అంటే పార) టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే బొగ్గు తొట్లు, నింపే పని. ఇప్పుడు వాళ్లలో ఎవరూ లేరు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు రామాలయం దగ్గర స్మారకం కడదామనుకున్నాం. చందాలు మొదలయ్యాయి, దాంతోపాటే గొడవ కూడా. కొందరు హెల్మెట్ పెట్టిన సిమెంటు విగ్రహం అంటారు, ఇంకొందరు రాయి చాలు గానీ దాతల పేర్లు పెద్దక్షరాల్లో ఉండాలంటారు. ఏం చేస్తే బాగుంటుంది?

ఖని పిల్ల:
మా నాన్నగారిది పలాస వైపు, నేను పుట్టింది గోదావరిఖనిలో. విగ్రహం వద్దండీ, అన్నీ ఒకే మొహంతో ఉంటాయి. పేరు పక్కన ఏ బాయి, ఏ పని అన్నది రాయించండి. బయటివాళ్లకి అంతా బొగ్గు పనే గానీ లోపల కోల్ కట్టర్ వేరు, టబ్బులు తోసే ట్రామర్ వేరు, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ వేరు, వాడు సరిగ్గా చెయ్యకపోతే మిగతావాళ్లు ఇంటికి రారు. 2003 జూన్‌లో మా ఊళ్లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. ఆ రోజుల్లో షిఫ్ట్ దిగి నాన్న గేటు తీసిన చప్పుడయ్యేదాకా అమ్మ అన్నం వడ్డించేది కాదు. పేర్లు తెలియకపోతే ఇళ్లల్లో పాత పే స్లిప్పులు, పీఎఫ్ కాగితాలు వెతకండి.

గరివిడి మాంగనీసు:
బొగ్గు సరే తమ్ముడూ, మీ గుమ్మం ముందున్న మాంగనీసు సంగతేటి? దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల మొదట్లో మన జిల్లాలోనే మొదలైంది, గర్భాం గని మీకు ఎంత దూరం? మా మామ్మ గుంత ఒడ్డున ఎండలో కూర్చుని సుత్తితో రాయి కొట్టి, మంచిదీ చెడ్డదీ ఏరి తట్టల్లో వేసేది. ఏ మస్టర్లోనూ, అంటే హాజరు పట్టీలోనూ, ఆవిడ పేరు లేదు. ఖని పిల్ల చెప్పిన కాగితాలు ఆవిడకెక్కణ్ణించి వస్తాయి? రాయి పెడితే ఆడవాళ్ల పేర్లు అడిగి మరీ రాయించు.

పాత బస్టాండ్:
ముందు స్థలానికి గ్రామసభ తీర్మానం చేయించండి, లేకపోతే రేపు రోడ్డు వెడల్పు చేసినప్పుడు మీ స్మారకం మొదట పోతుంది. రాయి టెక్కలి నీలి గ్రానైట్ తీసుకోండి. అక్షరాలు లోతుగా చెక్కించాలి, రంగు వేస్తే రెండు వానాకాలాలు కూడా ఉండదు. దాతల పేర్లు వెనక వైపు, చిన్నగా.

చీపురుపల్లి కుర్రాడు:
మాంగనీసు మాట నిజమే అన్నా, సిగ్గేసింది. మా ఊళ్లోనే ఇద్దరు ముసలమ్మలున్నారు, ఆదివారం వెళ్లి అడుగుతా. మా మామ్మని తాత కాగితాల గురించి అడిగితే కాగితాల్లేవు గానీ లాంప్ రూమ్‌లో, అంటే బాయిలోకి దిగేముందు దీపాలిచ్చే గదిలో, ఆయన బత్తి నంబరు 412 అని టక్కున చెప్పింది, అదీ చెక్కిస్తాం. దాతల పేర్లు వెనక్కి అన్న సంగతి మా పెద్ద మావయ్యకి ఎవరు చెప్పాలో, ఇప్పుడు అదొక్కటే టెన్షన్.